బస్సులోను పడవలోను మెలితే ద్వీపము



ఈ నెల శీర్షిక చదవబోయే ముందు అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు తెరిచి పెట్టుకొనండి. పౌలు ఎక్కిన ఓడ పగిలిన ద్వీపాన్ని మన బైబిలు మెలితే అంటుంది. నేడు దాని పేరు మాల్టా. ఇటలీకి దక్షిణాన, మధ్యధరా సముద్రం నడుమ ఉన్న చిన్న దేశమది. మాల్టా, గోజో, కొమీనో అను ముఖ్యమైన ద్వీపాలన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. మన మండలాలు ఒకటో రెండో కలిపితే అంత ఉంటుంది. జనం మాత్రం అయిదున్నర లక్షలకు పైనే.

రోమాలో ఒక సదస్సు ముగిసిన తరువాత మేము నలుగురు సేవకులం ఒక అక్టోబరు నెలలో అక్కడ అయిదు రోజులు తిరిగి వచ్చాము. ఇటలీకి తీసుకొన్న షెంగెన్ వీసాయే మాల్టాకూ చెల్లుతుంది. పౌలు మెలితే నుండి సురకూసై, రేగియు మీదుగా రోమాకు వెళ్ళాడు గదా! మేము రోమా నుండి సిసిలీకి దిగి, పొజ్జాల్లో అనే రేవులో ఓడ ఎక్కాము. వడిగల ఓడ కావడంతో రెండు గంటల లోపే మాల్టా ముఖ్యపట్టణమైన వాలెట్టా చేరుకొన్నాము. టాక్సీలకు, టూరిస్టు కంపెనీలకు ఇచ్చేంత డబ్బు మా దగ్గర లేదు. అందుచేత ఊరి జనం ఎక్కే బస్సులు, జనం దాటే పడవలే మాకు వాహనాలయ్యాయి. అలా తిరిగితేనే ద్వీపం బాగా తెలిసిందని చెప్పాలి.

చెయ్యెత్తితేనే బస్సు

వాలెట్టా కోట గుమ్మం బయటనే పెద్ద బస్‌స్టాండు ఉన్నది. ద్వీపంలోని చాలా బస్సులు అక్కడ నుండే బయలుదేరుతాయి. ఎక్కేటప్పుడు ఒకసారి టికెట్టు తీసుకొంటే, రెండు గంటల వరకు ఎన్ని బస్సులు మారినా మళ్ళీ డబ్బు ఇవ్వనక్కరలేదు. అక్కడ నివాసముండేవారు పేరు నమోదు చేయించుకొని కార్డు తీసుకొంటే 2022 అక్టోబరు నుండి ప్రయాణం ఉచితం. దారిలో స్టాపు దగ్గర నిలబడ్డంత మాత్రాన బస్సు ఆగదు. దూరాన కనబడగానే చెయ్యెత్తాలి. ఈ విద్య మన పల్లెటూరివాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు!

2011 జూలై వరకు అక్కడ పసుపుపచ్చని పాత బస్సులు నడిచేవి. వాటిలో చాలావాటికి డ్రైవర్లే సొంతదారులు. లోపల పరిశుద్ధుల పటాలు పెట్టుకొని, ముచ్చటగా అలంకరించుకొనేవారట. ఇప్పుడవి లేవు. ఇప్పటి బస్సులు నడిపేవారిలో మన దేశం నుండి వెళ్ళినవారూ ఉన్నారు. ఆస్పత్రులలో మన దేశపు నర్సులూ ఉన్నారు. బస్సులు వేళకు వస్తాయని మాత్రం అనుకోవద్దు. కార్లు ఎక్కువ, రోడ్లు ఇరుకు. దూరం 25 కిలోమీటర్లే అయినా గంటకు పైగా పడుతుంది.

బస్సులో ముసలివాళ్ళ మాటలు వింటే అరబీ భాష విన్నట్టుంటుంది. మాల్టా భాష అరబీ కుదురు నుండి పుట్టినదే. అయితే రాసేది ఇంగ్లీషు అక్షరాలలో. దేవుణ్ణి ‘అల్లా’ అని పిలిచి ప్రార్థించే ఆ ప్రజలలో ఎక్కువమంది రోమన్ కేథలిక్కులు! ఇంగ్లీషు కూడా అధికార భాషే గనుక మాకు ఎక్కడా చిక్కు రాలేదు. వాలెట్టాలో ఆంగ్లికన్ వారి సెయింట్ పాల్స్ కెథెడ్రల్ కూడా ఉన్నది. ఇంగ్లాండు రాణి అడిలేడ్ ఆ ఊరికి వచ్చి, తమవారికి తగిన ఆలయం లేదని చూచి, తన సొమ్ముతో దానిని కట్టించింది. 1839లో పునాది వేశారు.

గాలి ఆపిన రోజు

రెండవ రోజు పౌలు ఓడ పగిలిన చోటు చూద్దామని బుజిబ్బా అనే రేవుకు వెళ్ళాము. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. ఈశాన్యం నుండి గాలి లేచింది, ఈవేళ పడవ కదలదన్నారు. మాల్టావారు ఆ గాలిని ‘గ్రిగాల్’ అంటారు. పౌలు ఓడను పట్టుకొన్న ఊరకులోను అనే పెనుగాలి ఇదేనని పండితులు చెబుతారు. ఉపవాసదినము కూడా గడిచిపోయెనని లూకా వ్రాసిన సంగతి మీకు జ్ఞాపకమున్నదా? అది యూదుల ప్రాయశ్చిత్త దినము. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వస్తుంది. ఆ రోజులలో ఆ తరువాత ఓడ ప్రయాణం అపాయమని ఎంచేవారు. రేవు గోడను కొట్టి లేచే అలలు చూచాక, పౌలు వద్దని ఎందుకు చెప్పాడో మాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

పడవ లేదు గనుక బస్సెక్కి మోస్టా అనే ఊరు వెళ్ళాము. అక్కడి పెద్ద గుండ్రని గుమ్మటపు చర్చి మీద రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942 ఏప్రిల్ 9న, జర్మనుల బాంబు పడింది. గుమ్మటాన్ని చీల్చుకొని లోపలికి వచ్చి నేలమీద పడింది. లోపల ఆరాధనకు కూడివచ్చినవారు రెండు మూడు వందలమంది. అది పేలలేదు, ఒక్కరూ చనిపోలేదు. అటువంటి బాంబునొకటి ఇప్పటికీ అక్కడ చూపిస్తారు.

అక్కడ నుండి రబాత్ చేరాము. పౌలు బస చేసినట్టు చెప్పుకొనే గుహ అక్కడ ఉన్నది. అది తరతరాల నమ్మకం. దానికంటె నా మనస్సును పట్టుకొన్నది దాని దగ్గరలోని భూగర్భ సమాధులు. రాతిని తొలిచి చేసిన ఆ గదులలో పూర్వకాలపు క్రైస్తవులు, యూదులు, అన్యులు ఇరుగుపొరుగున పాతిపెట్టబడ్డారు. కొన్ని చోట్ల రాతిలోనే గుండ్రని బల్లలు చెక్కి ఉన్నాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం బంధువులు వచ్చి వాటి చుట్టూ కూర్చుండి భోజనం చేసేవారట.

ఇరువది బారలు, పదునైదు బారలు

మరునాడు గాలి తగ్గింది. పడవ సెయింట్ పాల్స్ అఖాతంలోకి బయలుదేరింది. అఖాతం మొగలో రెండు చిన్న దీవులు, వాటి నడుమ సన్నని నీటిపాయ. పెద్ద దీవి మీద 1844లో నిలిపిన పౌలు విగ్రహం తెల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ దీవులలో ఎవరూ కాపురముండరు. ఓడ పగిలిన చోటు మరొక అఖాతమని వాదించే పండితులూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం దీనినే చూపిస్తారు. నావికులు నీటి లోతు చూస్తే మొదట ఇరువది బారలు, మరికొంత దూరంలో పదునైదు బారలు అని లూకా లెక్క వ్రాశాడు. చిన్న పడవలో కూర్చుండి, బండల మీద అల విరుగుతుంటే చూస్తూ ఆ వచనాలు చదివాము. ఓడలో ఉన్నది 276 మంది. పదునాలుగు దినములు భోజనం లేదు. గోధుమలు సముద్రంలో పారబోశారు. ఈత వచ్చినవారు దూకారు, రానివారు పలకలు పట్టుకొని ఒడ్డుకు కొట్టుకొచ్చారు.

ఆ ఒడ్డున నిలిచినవారిని ఒకసారి తలంచుకొనండి. ఖైదీలు, సైనికులు, ఓడవాళ్ళు, ఊరూ పేరూ తెలియని 276 మంది. ద్వీపవాసులు వారి భాష తెలిసినవారు కారు. వాన, చలి చూచి నిప్పు రాజేశారు, అందరినీ చేర్చుకొన్నారు. తరువాతనే పాము పౌలు చేయి పట్టింది. అప్పుడు వీడు నరహంతకుడన్నారు. కొంతసేపటికి దేవుడన్నారు. ఆ రెండు మాటలూ తప్పే! అయితే మంట మాత్రం ఆ రెండింటికంటె ముందే వెలిగింది. అతడెవరో తేల్చుకొన్నాక చలి కాచుకోనివ్వలేదు. ఆ మంటకు పుల్లలేరిన అపొస్తలుడే పొప్లి తండ్రి జ్వరమును, రక్తభేదిని ప్రార్థనచేత బాగుచేశాడు. ద్వీపంలోని రోగులు కూడ వచ్చి స్వస్థపడ్డారు.

గోజో

నాలుగవ రోజు 41వ నంబరు బస్సులో ద్వీపం చివరనున్న చిర్‌కెవ్వా రేవుకు వెళ్ళి గోజో ఓడ ఎక్కాము. ప్రయాణం 25 నిమిషాలే. వెళ్ళేటప్పుడు టికెట్టు ఎవరూ అడగలేదు, తిరిగి వచ్చేటప్పుడే పుచ్చుకొన్నారు. 2021 నుండి వాలెట్టా నుండే నేరుగా వడిగల ఓడ కూడ నడుస్తున్నది.

సేద్యం చేసే మన పాఠకులు గోజో చూస్తే సంతోషిస్తారు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చిన గోడలు. వాటి నడుమ మెట్లు మెట్లుగా చిన్న చిన్న మళ్ళు. నాగజెముడు కంచెలు. ఆ దేశంలో ఒక్క నది కూడ లేదు. త్రాగునీటిలో సగానికి పైగా సముద్రపు నీటిని శుద్ధిచేసి తీసినదే. ఉత్తరపు ఒడ్డున బండనే తొలిచి చేసిన ఉప్పుమళ్ళు ఉన్నాయి. ఎండాకాలంలో ఇప్పటికీ ఉప్పు తీస్తారు. ఐగుప్తు పిరమిడ్లకంటె పాతవైన జ్‌గంతియా రాతి గుళ్ళు కూడ అక్కడే ఉన్నాయి. సముద్రంలో కిటికీలా నిలిచిన పెద్ద రాతి తోరణం ఒకటి లోకప్రసిద్ధమై ఉండేది. 2017 మార్చి 8న తుపానులో అది కూలిపోయింది. పాత పుస్తకాలలో దాని బొమ్మ చూచి వెళ్ళినవారికి ఇప్పుడు నీళ్ళే కనిపిస్తాయి.

పేరులేని ఇరువదినలుగురు

చివరి రోజు దక్షిణాన మార్సషలోక్ అనే పల్లెకారుల రేవుకు వెళ్ళాము. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు పూసిన పడవలకు ముందుభాగాన రెండు కళ్ళు చిత్రించి ఉంటాయి. వాటిని లుత్సు పడవలంటారు. తిరుగు దారిలో పావ్లా అనే ఊళ్ళో దిగాము. అక్కడి అద్దొలొరాతా శ్మశానంలో, 2015 ఏప్రిల్‌లో లిబియా సముద్రంలో పడవ మునిగి చనిపోయిన 24 మందిని పాతిపెట్టారు. ఆ ఒక్క పడవలో 800 మంది దాకా చనిపోయారని అంచనా. దొరికిన ఆ 24 మంది పేర్లు కూడ ఎవరికీ తెలియవు. వారి అంత్యక్రియలలో బిషప్పుగారు, ముస్లిం ఇమాముగారు ఇద్దరూ ప్రార్థించారు.

అంతకు ముందు 2013 అక్టోబరు 11న సిరియా నుండి పారిపోయి వస్తున్న కుటుంబాల పడవ మాల్టా బాధ్యత వహించే సముద్రంలో ప్రమాదంలో పడింది. సహాయం ఎవరు పంపాలన్న మాటలు మాల్టాకు, ఇటలీకి మధ్య నడుస్తుండగా గంటలు గడిచిపోయాయి. మాల్టా నౌక వచ్చి చాలామందిని కాపాడింది. అయితే అప్పటికే పడవ బోల్తాపడింది. 200 మందికి పైగా చనిపోయారు. వారిలో పసిపిల్లలు అనేకులు. ఫిబ్రవరి 10న పౌలు ఓడ పగిలిన దినాన్ని జాతీయ సెలవుగా ఆచరించే దేశమది. చిన్న దేశానికి భారం పెద్దదే, ఆ మాట కాదనలేము. కాని ముందు మంట వెలిగించి తరువాత విచారించే పద్ధతికి, ముందు విచారణ పెట్టుకొనే పద్ధతికి నడుమ ఎన్ని ప్రాణాలు పోతాయో ఆ సమాధులు చెబుతున్నాయి.

మన ఊరి చివర

ప్రియులారా, మాల్టాను తీర్పుతీర్చే ముందు మన ఊరి చివరకు చూద్దాము. ఇటుక బట్టీలలో ఒడిశా కూలీలు, మిరప కోతకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన కుటుంబాలు గుడిసెలు వేసుకొని ఉంటారు. వారి భాష మనకు రాదు. వారి పసిబిడ్డకు జ్వరమొస్తే ఆస్పత్రి ఎటో చెప్పేవారుండరు. బోరింగు దగ్గర వారి బిందె చివరనే ఉంటుంది. మనం వారిని మొదట అడిగేదేమిటి? ఏ ఊరు, ఏ కులం అని గదా! ఇంకొకవైపు మన సంఘాల బిడ్డలే గల్ఫు దేశాలలో, ఐరోపాలో పరాయి బస్సులు నడుపుతూ, పరాయి రోగులకు సేవచేస్తూ ఉన్నారు. వారికి అక్కడ ఎవరైనా ఒక ముద్ద అన్నం పెట్టాలని మనం రాత్రింబగళ్ళు ప్రార్థిస్తాము.

ఈ నెలలో ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం మొదటి పది వచనాలు పిల్లలచేత చదివించండి. మరునాడు పిల్లలను వెంటబెట్టుకొని ఊరి చివర గుడిసెల దగ్గరకు వెళ్ళండి. పాత దుప్పటి ఉంటే దుప్పటి, పప్పు ఉంటే పప్పు తీసుకొని వెళ్ళండి. భాష రాకపోయినా ఫరవాలేదు. మెలితే ద్వీపవాసులకూ రాలేదు.

వచ్చే నెల సురకూసైలో కలుసుకొందాము. ప్రభువు మీ గృహములను దీవించును గాక!