గృహిణీ విషయములు: పాత ఫోటోలకు తగిన స్కానరు



మన యిండ్లలో ట్రంకుపెట్టెల యడుగున, పాత ఆల్బములలో ఎన్నియో ఫోటోలు పడియున్నవి. తేమకును, పురుగులకును అవి యేటేట క్షీణించుచున్నవి. వానిని స్కాను చేసి కంప్యూటరులో భద్రపరచవలెనని పలువురు తలంచుచున్నారు. మంచి తలంపే, కాని తొందరపాటు తగదు. నేను చేసిన పొరపాటును మొదట చెప్పెదను.

1938లో జరిగిన మా అమ్మమ్మ పెండ్లినాటి ఫోటో యొకటి మా యింట నుండెను. దళసరి అట్టకు అంటించినది. పని త్వరగా తెములునని, కాగితములను తనంతట లోనికి లాగుకొను స్కానరులో దానిని పెట్టితిని. రోలర్ల నడుమ అట్ట వంగి, బొమ్మ నిలువునా పగిలెను. అట్టి ఫోటో మరియొకటి లేదు. మా అమ్మ నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నను బాగుండెడిది.

కావున పాత ఫోటోలకు, అద్దముపై బోర్లించి స్కాను చేయు బల్లపరుపు యంత్రమే వలయును. వీనిలో రెండు రకములు గలవు. సి.ఐ.ఎస్. రకము పలుచన, వెల తక్కువ; కాని అద్దమునకు ఆనియున్న దానినే తేటగా చూపును. వంకరపోయిన ఫోటోలు అందు మసకగా వచ్చును. సి.సి.డి. రకము బరువు, వెల హెచ్చు. అయినను అద్దమునకు కొంచె మెడముగా నున్న బొమ్మను సయితము చక్కగా పట్టును. మీ ఫోటోలు చదునుగా నుండిన మొదటిదే చాలును. నెగెటివులు కూడ నున్నచో, మూతలో దీపము గల యంత్రమును తీసికొనుడు.

అంగడివారు చెప్పు పెద్ద అంకెలకు భ్రమపడకుడు. కాగితపు ఫోటోకు అంగుళమునకు 600 చుక్కలు సాధారణముగా చాలును. అప్పుడు 6 × 4 అంగుళముల ఫోటో 3600 × 2400 చుక్కల బొమ్మ యగును. అంతకు మించిన ఫైలు పెరుగునే కాని వివరము పెరుగుట అరుదు. మిక్కిలి చిన్న బొమ్మలకు 1200, నెగెటివులకు 2400 లేక అంత కెక్కువ పెట్టుడు. మూలప్రతిని టిఫ్ రూపమున దాచి, బంధువులకు పంపుటకు జేపెగ్ ప్రతి చేయుడు.

ఇక చిక్కులు. ప్రతి బొమ్మలోను ఒకే చోట గీత కనబడిన, అద్దముపై ధూళి యున్నదని యెరుగుడు. తీగ ఊడదీసి, కొంచెము తడిపిన మెత్తని గుడ్డతో తుడువుడు. అద్దముపై నీరు చల్లరాదు. క్రొత్త యంత్రము రొదచేయుచు కదలకున్నచో, అడుగున తాళపు మీట యున్నదేమో చూడుడు. ప్రయాణమున కదలకుండ కొన్నింటికి దానిని బిగించి పంపుదురు. పాత స్కానరును క్రొత్త కంప్యూటరు గుర్తింపకున్నను పారవేయకుడు. వ్యూస్కాన్ వంటి ప్రోగ్రాము అనేకమైన పాత యంత్రములను నడపగలదు. పటము అద్దమునకు అంటుకొనిపోయిన ఫోటోను బలిమిని ఊడదీయకుడు. అద్దముతోనే స్కాను చేయుడు.

చివరి మాట. స్కానరు ముఖమును పట్టును గాని పేరును పట్టజాలదు. నేను పగిలిన రెండు ముక్కలను బల్లపరుపు యంత్రముపై స్కాను చేసి, కంప్యూటరులో అతికి, అమ్మకు చూపితిని. ఒక మూలనున్న బాలికను చూచి, "మా పిన్ని. పదేండ్లకే పోయినది" అనెను. ఆ సంగతి మాలో నెవ్వరికిని తెలియదు. వెంటనే ఆ పేరు ఫైలుకు చేర్చితిని. కావున యంత్రము కొనుటకు ముందే ఇంటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పేర్లు, ఊళ్లు, సంవత్సరములు వ్రాసికొనుడు. ఫైళ్లను రెండు చోట్ల నుంచి, మూడవ ప్రతిని వేరొక ఊరి బంధువుల యింట దాచుడు. స్కానరు రేపైనను దొరకును, చెప్పువారు దొరకరు.