మందుల షాపుల మిత్రులారా, ఈ ఆదివారం కదిలి రండి!



2025 అక్టోబరు మొదటి వారంలో బయటపడిన ఘోరాన్ని మనలో ఎవరమూ మర్చిపోలేం. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడిపోయి ఒకరి వెంట ఒకరు చనిపోయారు. ఇరవై మందికి పైగా పోయారు. ఆ మందు తమిళనాడులో తయారైన కోల్డ్రిఫ్ సిరప్, బ్యాచ్ నంబరు ఎస్‌ఆర్-13. పరీక్ష చేస్తే అందులో డైఇథిలీన్ గ్లైకాల్ 48.6 శాతం ఉందని తేలింది. బ్రేక్ ఆయిల్ లాంటి వాటిలో కలిపే విషం అది. ఆ బ్యాచ్ ఎక్కడ కనిపించినా వాడొద్దు, అమ్మొద్దు అని మన తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా హెచ్చరిక ఇచ్చారు.

ఆ హెచ్చరిక మన పట్టణ మెడికల్ షాపుల కమిటీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. గంట తిరక్కుండానే షాపుల వాళ్లు అరలు వెతికి, సీసాల మీది బ్యాచ్ నంబర్లు చూసి "మా దగ్గర లేదు" అని ఒక్కొక్కరే జవాబు పెట్టారు. మరి గ్రూపులో లేని షాపుల సంగతి? వాటికి ఎవరు చెప్తారు? మన సభ్యులు ఇద్దరు బండి వేసుకుని బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్ దాకా, అక్కణ్నుంచి కాలనీల్లోకి, రాత్రి పదింటి వరకు తిరిగారు. ఒక షాపాయన అప్పటిదాకా ఆ మాటే వినలేదు. టీవీ చూసే తీరిక దొరకలేదన్నాడు పాపం. అదృష్టం బాగుండి ఆ బ్యాచ్ సీసా మన పట్టణంలో ఒక్కటి కూడా దొరకలేదు. దొరికి ఉంటే? ఆ షాపు అరలోంచి ఎవరింటి పాప గొంతులోకి వెళ్లేదో ఆలోచించండి. ప్రతిసారీ అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోలేం. అందుకే ఈ కరపత్రం.

మన పట్టణంలో దాదాపు సగం షాపులు ఇంకా కమిటీలో లేవు. "కమిటీ ఎందుకన్నా, చందాలకేగా?" అని అడిగిన వాళ్లున్నారు. ఆ మాటకు కోపం తెచ్చుకోం. జవాబు చెప్తాం, వినండి.

మీ షాపు వెనక గదిలోకి వెళ్లి చూడండి. మూలన ఒక అట్టపెట్టె ఉంటుంది. పైన "అమ్మకానికి కాదు" అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది, చట్టం అలాగే రాయమంది కాబట్టి. లోపల గడువు తీరిన స్ట్రిప్పులు, సగం కత్తిరించిన షీట్లు, మూత తీయని సిరప్పులు, కంటి చుక్కలు. నెలనెలా ఆ పెట్టె నిండుతుంది. స్టాకిస్టు కుర్రాడు వచ్చినప్పుడల్లా మీరు పెట్టె చూపిస్తారు. "కంపెనీ తీసుకుంటలేదన్నా, వచ్చే నెల చూద్దాం" అంటాడు. వచ్చే నెలా అదే మాట. కత్తిరించిన షీటు వాపసు తీసుకోరు, బిల్లు లేనిది తీసుకోరు, గడువు దాటి మూడు నెలలైతే అసలే తీసుకోరు. క్రెడిట్ నోట్ వచ్చేసరికి ఏడాది తిరుగుతుంది, వచ్చిన నోటులో సగం కోతే. ఆ పెట్టెలో ఉన్నది మీ పిల్లల ఫీజు డబ్బు. ఒక్క షాపు అడిగితే స్టాకిస్టు నవ్వి ఊరుకుంటాడు. అరవై షాపులు ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి, ఏ నెల ఏ తారీఖున ఎక్స్‌పైరీ తీసుకుంటారో చెప్పండని అడిగితే కూర్చుని మాట్లాడతాడు. నిరుడు మనం అలా కూర్చోబెట్టి మాట్లాడించాం. ఇద్దరు డిస్ట్రిబ్యూటర్లు తారీఖు కట్టారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. మిగిలినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. వెళ్లడానికి మనుషులు కావాలి.

ఇక ఇన్‌స్పెక్షన్ సంగతి. కిందటేడు కొత్తగా షాపు పెట్టిన ఒక తమ్ముడి దగ్గరికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. హెచ్1 రిజిస్టరు తీయమన్నారు. అబ్బాయి తీశాడు. పేషెంటు పేర్లు, మందు పేర్లు ఉన్నాయి గానీ రాసిచ్చిన డాక్టరు పేరు, అడ్రసు చాలా చోట్ల లేవు. నోటీసు ఇచ్చారు. అబ్బాయికి ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు మన పెద్దలు ఇద్దరు ఆ అబ్బాయి షాపులో కూర్చుని రిజిస్టరు ఎలా రాయాలో గడి గడి చూపించారు. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమం అది. బలమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు, కొన్ని నిద్ర మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు అమ్మితే డాక్టరు, పేషెంటు, మందు, ఎంత ఇచ్చామన్నది విడిగా రిజిస్టరులో రాయాలి. ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి. టీబీ పేషెంట్ల వివరాలు ప్రభుత్వానికి తెలపాల్సిన బాధ్యత కూడా 2018 మార్చి నుంచి మందుల షాపుల మీద ఉంది. ఇవేవీ ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. లైసెన్సు ఇచ్చారు, పుస్తకం కొనుక్కోమన్నారు, అంతే. నోటీసుకు జవాబు రాయడంలో కమిటీ తోడు నిలిచింది. అధికారి ఎత్తి చూపిన తప్పు నిజమేనని కూడా ఆ జవాబులోనే రాయించింది. ఇప్పుడు ఆ అబ్బాయి రిజిస్టరు చూసి నలుగురు నేర్చుకుంటున్నారు. తప్పు దాచిపెట్టడానికి, ఎవరికో ఫోన్ చేయించి నోటీసు ఆపించడానికి ఈ కమిటీ ఎప్పుడూ రాదు. ఆ ఆశతో ఎవరూ సభ్యత్వం తీసుకోవద్దు.

ఆదాయం సంగతి మనకు తెలియనిది కాదు. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద 2013 ఉత్తర్వు ప్రకారం రిటైలరుకు దక్కేది 16 శాతం. నూరు రూపాయలకు కొన్న మందు మీద పదహారు రూపాయలు. అందులోంచే అద్దె, కరెంటు, జీతాలు, ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్, కరెంటు పోతే దానికి ఇన్వర్టరు. అటు చూస్తే ఫోన్ తెరవగానే ఇరవై, ఇరవై అయిదు శాతం తగ్గింపు అని ప్రకటనలు. పెద్ద పెట్టుబడి ఉన్నవాడు నష్టానికి అమ్మి నాలుగేళ్లు ఓర్చుకోగలడు. మనం నాలుగు నెలలు ఓర్చుకోలేం. ఆన్‌లైన్ మందుల అమ్మకం మీద కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 28న ముసాయిదా తెచ్చింది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 28న దేశమంతా మందుల షాపులు బంద్ చేశాయి. లైసెన్సు లేకుండా ఆన్‌లైన్‌లో మందులు అమ్మకూడదని ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు అంది. కరోనా సమయంలో, 2020 మార్చి 26న, ఇంటికి మందులు చేర్చవచ్చని ఇచ్చిన వెసులుబాటును వెనక్కి తీసుకోమని మన అఖిల భారత సంఘం, ఏఐఓసీడీ, అడుగుతూనే ఉంది. ఇదంతా ఢిల్లీలో జరిగే పోరాటం. కానీ ఢిల్లీలో నిలబడేవాళ్ల వెనక జిల్లా ఉండాలి, జిల్లా వెనక పట్టణం ఉండాలి. మనం లేకపోతే వాళ్లు చెప్పే లెక్కను ఎవరు నమ్ముతారు?

2025 సెప్టెంబరు 22న మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అరలో ఉన్నది పాత ధర ముద్రించిన స్టాకు. కొనేవాళ్లు పేపరు పట్టుకుని వచ్చి తగ్గించమన్నారు, అడగడం న్యాయమే. కొత్త ధరల జాబితాలు చేతికి రాక చాలామంది కౌంటరు దగ్గర మాటలు పడ్డారు. కమిటీ గ్రూపులో ఉన్నవాళ్లకు జాబితాలు ముందే అందాయి, వాళ్లు కొత్త ధరకే బిల్లు కొట్టారు.

మనలాంటి కమిటీకి వేరేచోట ఉన్న విలువ చూడండి. ఇంగ్లండులో మందుల షాపుల కోసం ప్రాంతానికొక లోకల్ ఫార్మాస్యూటికల్ కమిటీ ఉంటుంది. అక్కడి 2006 నాటి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) చట్టంలోనే దానికి గుర్తింపు ఉంది. షాపులు తలా కొంత కడితే ఆ సొమ్ముతో నడుస్తుంది. కొత్త షాపుకు అనుమతి కోరుతూ దరఖాస్తు వస్తే అధికారులు ఆ కమిటీకి తెలిపి అభిప్రాయం అడుగుతారు. మనకు చట్టం అలాంటి చోటు ఇవ్వలేదు. కలెక్టరేటుకు వెళ్లినా, మున్సిపాలిటీకి వెళ్లినా, "మీరెంతమంది?" అన్నదే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పగలిగితేనే కుర్చీ వేస్తారు.

మన లోపాలు కూడా మనమే చెప్పుకోవాలి. దేశంలో మందుల షాపుల సంఘాలు చేసిన తప్పులున్నాయి. సంఘం ఒప్పుకుంటే తప్ప కొత్త స్టాకిస్టుకు ఏజెన్సీ రాకూడదన్న పద్ధతి పెట్టినందుకు 2013లో కాంపిటీషన్ కమిషన్ అఖిల భారత సంఘానికే జరిమానా వేసింది. మన కమిటీ ఎవరి వ్యాపారానికీ అడ్డం పడదు. ఎవరు ఎంత తగ్గించి అమ్మాలో చెప్పదు. పక్క వీధిలో జన ఔషధి కేంద్రం పెడితే దాన్ని మూయించమని దరఖాస్తు పెట్టదు, పేదవాడికి చవగ్గా మందు దొరికితే మనకు ఏడుపెందుకు? ఇంకో మాట, ఇది కొందరికి కష్టంగానే ఉంటుంది. సర్టిఫికెట్టు ఒకరిది, కౌంటరు మీద ఉండేది ఇంకొకరు అన్న పద్ధతిని కమిటీ ఒప్పుకోదు. గోడకు ఫొటో కట్టిన ఫార్మసిస్టు షాపులో ఉండాలి. ఉండలేకపోతే ఉండేవారిని పెట్టుకోవాలి. చదువుకుని ఖాళీగా ఉన్న బీఫార్మసీ పిల్లల జాబితా మా దగ్గర ఉంది, ఫోన్ చేస్తే ఇస్తాం.

ఎందుకింత గట్టిగా అంటున్నామో ఒక్క సంగతి చెప్తాం. పెద్దాసుపత్రి ఎదుటి షాపుకు ఒక అవ్వ వచ్చింది. కొంగు ముడి విప్పి రెండు ఖాళీ స్ట్రిప్పులు కౌంటరు మీద పెట్టింది. ఒకటి తెల్లది, ఒకటి వెండి రంగుది. "బిడ్డా, ఈ రెండు గోలీలు అయిపోయినై, నెలకు సరిపడా ఇయ్యి" అంది. కౌంటరు మీద ఉన్న అమ్మాయి ఫార్మసిస్టు. రెండు స్ట్రిప్పులూ తిప్పి వెనక అచ్చు చదివింది. కంపెనీలు వేరు, పేర్లు వేరు, లోపలి బీపీ మందు ఒకటే, టెల్మిసార్టాన్. ఒక డాక్టరు ఊళ్లో రాశాడు, ఇంకొకరు పట్నంలో రాశారు. అవ్వ రెండూ వేసుకుంటోంది. "అవ్వా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగింది అమ్మాయి. "నీకెట్ల తెలుసు బిడ్డా?" అంది అవ్వ. ఆ అమ్మాయి రెండో స్ట్రిప్పు ఇవ్వలేదు. డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడి, ఏది వేసుకోవాలో ఎర్ర పెన్నుతో కవరు మీద సూర్యుడి బొమ్మ వేసి ఇచ్చింది, అవ్వకు చదువు రాదు కనుక. ఆ రోజు ఆ షాపుకు ఒక స్ట్రిప్పు అమ్మకం తగ్గింది. ఇది అక్కడ చదువుకున్న మనిషి నిలబడింది కాబట్టి జరిగిన పని.

ప్రజలకు ఒక విన్నపం. మందు కొంటే బిల్లు అడగండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, రేపు ఏ హెచ్చరిక వచ్చినా మీ ఇంట్లో ఉన్న సీసా సంగతి దాంతోనే తేలుతుంది. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అడగకండి, ఇవ్వలేదని మామీద కోప్పడకండి. గడువు 03/2027 అని ఉంటే మార్చి 31 దాకా వాడుకోవచ్చు, ఏప్రిల్ ఒకటిన పారేయాలి.

షాపుల మిత్రులారా! ఈ నెల మూడో ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు వైశ్య భవన్ పై అంతస్తులో కమిటీ సర్వసభ్య సమావేశం. సభ్యులు కానివాళ్లూ రండి, తలుపు దగ్గర ఎవరూ రసీదు అడగరు. మీ ఎక్స్‌పైరీ లెక్క ఒక కాగితం మీద కంపెనీల వారీగా రాసుకుని రండి. హెచ్1 రిజిస్టరు వెంట తెచ్చుకోండి, తప్పులుంటే అక్కడే దిద్దుకుందాం. రాత్రి డ్యూటీకి ఏ రోజు ఏ షాపు తెరిచి ఉంచాలో వంతులు కూడా ఆ రోజే వేసుకుందాం. రాత్రి రెండింటికి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని మూసిన షట్టర్ల ముందు తిరిగే తండ్రిని మనమందరం చూశాం.

ఫార్మసిస్టు చెల్లెళ్లు మీ యజమానులను అడిగి రండి. యజమానులు వాళ్లను పంపండి, వీలైతే తోడుగా తీసుకుని రండి.

సమావేశం జరిగే మూడు గంటలూ పెద్దాసుపత్రి ఎదుటి షాపు ఒక్కటి తెరిచే ఉంటుంది. ఆ షాపు యజమాని సమావేశానికి రాలేరు. ఆయన తరఫున కూడా మీరు వచ్చి కూర్చోండి.

ఇట్లు
పట్టణ మెడికల్ షాపుల కమిటీ