ఓడకేవు ఎవరు కట్టారు?

యూరపు ప్రజలు అమెరికాకు ఎందుకు వలసపోయారన్న ప్రశ్నకు మన తరగతి గదుల్లో ఒక తయారు జవాబు ఉంది: స్వేచ్ఛకోసం! మతహింసను భరించలేక సముద్రం దాటారట. ఇది పూర్తి అబద్ధమైతే ఖండించడం తేలిక. అర్ధసత్యం కనుకనే దీనితో పేచీ పెట్టుకోవలసి వస్తున్నది.

1620లో 'మేఫ్లవరు' ఓడలో వెళ్లిన 102 మందిలో మతంకోసం దేశం విడిచినవారున్నారు. నేను కాదనను. కాని అంతకు 13 ఏండ్ల ముందే, 1607లో, జేమ్స్‌టౌను వలసను స్థాపించింది భక్తబృందం కాదు. లాభాలకోసం వాటాలమ్మిన వర్జీనియా కంపెనీ. పోనీ, మతస్వేచ్ఛ కోరినవారైనా దానిని ఇతరులకిచ్చారా? బహిష్కరించినా తిరిగివచ్చిన క్వేకరు స్త్రీ మేరీ డయ్యరును మసాచుసెట్సు ప్యూరిటను పాలకులు 1660లో ఉరితీశారు.

తక్కినవారు ఎందుకు వెళ్లారు? ఇంగ్లండులో భూస్వాములు ఉమ్మడి బీళ్లకు కంచెలు వేసి గొర్రెలను మేపారు. ధరలు పెరిగినంతగా కూలి పెరగలేదు. నిలువనీడ లేని జనం రేవుపట్టణాల దారి పట్టారు. ఓడకేవు చెల్లించలేనివారు సాధారణంగా నాలుగునుంచి ఏడేండ్లు ఊడిగం చేస్తామని పత్రం రాసిచ్చారు. న్యూ ఇంగ్లండును మినహాయిస్తే, యూరపునుంచి వచ్చినవారిలో సగానికి పైగా ఇట్లాంటి ఒడంబడిక కూలీలేనని చరిత్రకారుల అంచనా. 1718 చట్టం తరువాత సుమారు 50 వేలమంది ఖైదీలను కూడా అక్కడికి తోలారు.

అక్కడి బ్రతుకు ఎట్లాంటిది? పొగాకు తోటల్లో ఎండ, జ్వరం, కొరడా. పత్రం చేతులు మారితే మనిషీ చేతులు మారేవాడు. యజమాని అనుమతి లేనిదే పెండ్లి లేదు. పారిపోయి దొరికితే ఊడిగకాలం పెరిగేది. గడువు తీరకముందే కన్నుమూసినవారు అనేకులు. వర్జీనియాలో 1618నుంచి తలకు 50 ఎకరాల చొప్పున భూమి ఇచ్చారు. అది దక్కింది వచ్చిన కూలీకి కాదు, కేవు కట్టిన ఆసామికి. ఆ ఎకరాలు ఎవరివి? పౌహటను జాతులవి.

ఇదంతా చూపి 'తెల్లవారూ బానిసలే కదా' అంటూ ఆఫ్రికనుల బానిసత్వాన్ని తేలికచేసే పెద్దలున్నారు. వారితోనూ నాకు పొత్తు లేదు. కూలీకి గడువున్నది. బానిసకు లేదు, తల్లి బానిస అయితే బిడ్డా బానిసేనని 1662లో వర్జీనియా చట్టం చేసింది. 1676లో బేకను తిరుగుబాటులో తెల్లకూలీలు, నల్లబానిసలు కలిసి ఆయుధాలు పట్టారు, జేమ్స్‌టౌను తగలబడింది. నాయకుడు బేకను ఆదివాసులపై కత్తి దూసిన భూస్వామేనన్నది మరువరాదు. అయినా ఆ కలయిక పాలకులను భయపెట్టింది. 1705 చట్టం, న్యాయాధికారి ఉత్తరువు లేనిదే తెల్లకూలీని బట్టలూడదీసి కొట్టరాదన్నది. ఎదిరించిన బానిస యజమాని దెబ్బలకు చనిపోతే అది నేరం కాదన్నదీ ఆ చట్టమే! పేదవానికి చిన్న రాయితీ పడవేసి, మరింత పేదవానినుంచి అతణ్ణి విడదీయడం ఇట్లా సాగింది.

ఇది మనకు పరాయి కథ కూడా కాదు. తమ వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేశాక బ్రిటిషువారు ఒడంబడిక కూలి పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు. 1860నుంచి మద్రాసు రేవులో నేటాలు చెరకుతోటలకు ఓడలెక్కిన తెలుగు, తమిళ కూలీలు కట్టుబడింది అట్లాంటి పత్రానికే.

కనుక అధ్యాపకమిత్రులకు నా మనవి ఒక్కటే. 'స్వేచ్ఛకోసం' అని ముగించకండి. ఓడకేవు ఎవరు కట్టారు, చాకిరి ఎవరు చేశారు, భూమి ఎవరు పోగొట్టుకున్నారు, ఎవరికి దక్కింది అని అడగడం విద్యార్థులకు నేర్పండి. చరిత్ర అక్కడనుంచే మొదలవుతుంది.