ఏ ఇనుముకు ఏ అతుకు?

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో వెల్డింగ్ షాపుకు వచ్చిన గిరాకీ నోట మొదట వినిపించే మాట, "కిలోకెంత తీసుకుంటవే అన్నా?" గేటైనా, కిటికీ గ్రిల్లైనా, మెట్ల రెయిలింగైనా బేరం తూకం మీదే తెగుతుంది. ఏ రాడ్డు వాడతావు, ఏ పద్ధతిలో అతుకుతావు అని అడిగేవాళ్లు అరుదు. అతుకు బలం కాటాలో తేలదు. అడగకపోతే నష్టపోయేది గిరాకీయే.

ఆర్క్ వెల్డింగ్ అందరూ చూసిందే. కరెంటు మంటకు రాడ్డు కరిగి అతుకులోకి దిగుతుంది, దాని పైపూత కాలి పొగగా, చిట్టెంగా మారి ఎర్రటి ఇనుముకు గాలి తగలకుండా కాపు కాస్తుంది. దమ్ములో ట్రాక్టర్ కేజ్ వీల్ విరిగితే పొలం గట్టు మీదే అతికించగలిగేది అందుకే. అయితే రాడ్డులన్నీ ఒకటి కావు. గ్రిల్లుకు 6013 చాలు. బరువు మోసే ట్రాలీ ఛాసిస్‌కు 7018 కావాలి. ఆ రాడ్డుకు తేమ పడదు. వానాకాలం విప్పి మూలన పెట్టిన ప్యాకెట్లోంచి తీసి అలాగే వాడితే, తేమలోని హైడ్రోజన్ ఇనుములోకి చేరుతుంది. పైకి నున్నగా కనిపించే అతుకు ఒకట్రెండు రోజుల తర్వాత లోపల చిట్లవచ్చు. ఓవెన్‌లో కాల్చి వాడటం వెల్డరుకు తెలుసు, కానీ కిలో రేటులో ఆ కరెంటు ఖర్చుకు చోటేదీ?

సీఓటూ వెల్డింగ్‌లో తీగ దానంతటదే వస్తుంది, పని చకచకా సాగుతుంది. బీరువాలకూ, ట్రాలీ రేకులకూ అదే మేలు, షెడ్డు లోపలైతేనే. బయట గాలి వీస్తే గ్యాస్ చెదిరి అతుకంతా చిల్లులు పడుతుంది. స్టీల్ రెయిలింగ్‌కు ఆర్గాన్ వెల్డింగ్ మంచిది. చేయడం నిదానం, ఖర్చూ ఎక్కువే, కానీ అతుకు శుభ్రంగా వస్తుంది. మామూలు ఇనుము మీద రుద్దిన బ్రష్షునే స్టీలు మీదా రుద్దితే ఆ మచ్చలకు తుప్పు పడుతుంది.

పోత ఇనుముది వేరే కథ. నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా వేస్తూ, సుత్తితో మెల్లగా కొడుతూ, నిదానంగా చల్లారనివ్వాలి. చెరకు మిల్లుల్లో ఇంకో విద్య ఉంది. పోత ఇనుప రోలర్ల పళ్లు అరిగి చెరకును పట్టనప్పుడు, రోలర్ తిరుగుతుండగానే, రసం కారుతుండగానే, పళ్ల మీద గట్టి లోహపు చుక్కలు వేసి గరుకు చేస్తారు. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్స్ 2015లో మూతపడటంతో చెరకు రైతుతోపాటు ఇలాంటి పనితనమూ ఆసరా కోల్పోయింది.

అసలు భయం పసుపు దగ్గర. ఆర్మూర్, బాల్కొండ చేలల్లో పంట తవ్వాక ట్రాక్టర్ వెనుక బాయిలర్ ఊరూరూ తిరుగుతుంది. నీళ్ల డ్రమ్ము కింద మంట, పైపు గుండా పసుపు డ్రమ్ముల్లోకి ఆవిరి, చుట్టూ కూలీలు. అతుకు దగ్గర ఆవిరి చిమ్మితే పని ఆగొద్దని చేతికందిన రాడ్డుతో పైపైన పూత వేయిస్తారు. ఆవిరి బాయిలర్లను అతికే వెల్డరు పరీక్షలో నెగ్గి ఉండాలని 1950 నాటి భారత బాయిలర్ నిబంధనలే చెబుతున్నాయి. డ్రమ్ము చిన్నదైనంత మాత్రాన ఆవిరి తక్కువగా కాలుస్తుందా? పసుపు బోర్డుకు కేంద్రమైన ఈ జిల్లాలో సీజనుకు ముందే ప్రతి బాయిలర్ అతుకునూ తనిఖీ చేయించాలి.

చేతులకు కొదవ లేదు. ఈ జిల్లా నుంచి గల్ఫ్ వెళ్లే వెల్డర్లు అక్కడి పైపులైన్ల పనికి 6జీ పరీక్షకు హాజరవుతారు. 45 డిగ్రీల వాలులో బిగించిన పైపును కదపకుండా, తామే చుట్టూ వంగుతూ అతకాలి. లోపలి వరుస చాలాచోట్ల ఆర్గాన్‌తో, పైవరుసలు రాడ్డుతో వేస్తారు. ఆ అతుకును ఎక్స్‌రే తీసి చూస్తారు. అలాంటి పరీక్ష నెగ్గినవాళ్లు ఇంటికి తిరిగొచ్చి గేట్ల కిలో రేటులో ఇరుక్కుంటున్నారు. ఐటీఐలు ఆ పరీక్షను ఇక్కడే పెట్టి, నెగ్గినవాళ్ల పేర్లు మండలాలవారీగా రైతులకు అందించాలి. బాయిలర్ ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో అప్పుడు రైతుకు తెలుస్తుంది.