ఏ ఇంటి గుట్టు?

మొన్న ఒక పల్లెలో రాత్రి మీటింగు జరిగింది. మానవ హక్కుల గురించి, ఐక్యరాజ్య సమితి గురించి నాలుగు మాటలు చెబుతుంటే వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి అడిగింది. "మాస్టారూ, ఎమ్మార్వో ఆఫీసు గుమ్మంలోనే మన మాట వినే దిక్కు లేదు. సముద్రాల అవతల కూర్చున్నోళ్లు మన మాట ఏం వింటారు? విని ఏం చేస్తారు?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. బడి పుస్తకంలో ఐక్యరాజ్య సమితి పాఠం ఉంటుంది. ఎప్పుడు పుట్టింది, ఆఫీసు ఎక్కడుంది, జెండా రంగేమిటి అని పిల్లలు బట్టీ పడతారు. పరీక్ష రాస్తారు, మరిచిపోతారు. ఆ సమితికీ మన వాడకూ ఉన్న లంకె ఏమిటో ఆ పాఠం చెప్పదు. కాబట్టి ఈ సంచికలో ఆ పెద్దమ్మకే జవాబు రాస్తున్నాం.

మొదట 1946 సంగతి చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ భారతీయుల మీద అక్కడి తెల్ల ప్రభుత్వం వివక్ష చట్టాలు తెచ్చింది. ఆ భారతీయుల్లో 1860 నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కి పోయిన మన తెలుగు వాళ్లూ ఉన్నారు. అప్పటికి మన దేశానికి ఇంకా స్వతంత్రం రాలేదు. అయినా విజయలక్ష్మి పండిట్ నాయకత్వంలో మన ప్రతినిధి బృందం ఐక్యరాజ్య సమితి మొట్టమొదటి సర్వసభ్య సమావేశంలోనే ఈ అన్యాయాన్ని లేవనెత్తింది. దక్షిణాఫ్రికా ఏమంది? "ఇది మా ఇంటి వ్యవహారం, బయటివాళ్లు మాట్లాడొద్దు" అంది. సమితి ఆ మాట ఒప్పుకోలేదు. 1946 డిసెంబరులో మన దేశం వైపే తీర్మానం చేసింది. మనిషిని మనిషిగా చూడకపోవడం ఏ దేశానికీ సొంతింటి వ్యవహారం కాదని ప్రపంచానికి చెప్పి గెలిచింది మన దేశమే.

అదే ఏడాది అంబేద్కర్ గారు అమెరికాలోని నల్లజాతి మేధావి డుబాయిస్ గారికి ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్లు తమ బాధల మీద ఐక్యరాజ్య సమితికి అర్జీ పెట్టుకున్నారని తెలిసి, ఆ అర్జీ ప్రతి తనకు కావాలని అడిగారు. అంటరానివాళ్లు కూడా ఆ దారిలో పోవాలని ఆలోచిస్తున్నారని తెలియజేశారు. డుబాయిస్ గారు 1946 జూలైలో జవాబిచ్చారు. అంటరానివాళ్ల పట్ల తన సానుభూతిని అందులో తెలిపారు. అంటే బయటి గడప తొక్కాలనే ఆలోచన నిన్నా మొన్నా విదేశీ డబ్బులతో పుట్టింది కాదు. దాన్ని మనకు మొదట చూపించింది బాబాసాహెబే.

1948 డిసెంబరు 10న మానవ హక్కుల సార్వజనీన ప్రకటన వచ్చింది. మనుషులందరూ పుట్టుకతోనే స్వేచ్ఛ గలవాళ్లు, గౌరవంలో సమానులు అని దాని మొదటి అంశం చెబుతుంది. మనకు ఇందులో పట్టుకోవాల్సిన మాట పుట్టుక. మనల్ని కిందికి నెట్టింది దేంతో? పుట్టుకతోనే. ఆ ప్రకటన చట్టం కాదు. దాన్ని చట్టం లాగా కట్టుబడేట్టు చేయడానికి తర్వాత ఒడంబడికలు వచ్చాయి. ఒడంబడిక అంటే దేశాల మధ్య రాతపూర్వకమైన కట్టుబాటు. సంతకం పెట్టి, ఆమోదించిన ప్రభుత్వం అందులోని మాట నిలబెట్టుకోవాలి.

వాటిలో మనకు ముఖ్యమైంది 1965 డిసెంబరు 21న సమితి ఆమోదించిన జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక. జాతి వివక్ష అంటే ఏమిటో దాని మొదటి అధికరణం చెబుతుంది. జాతి, రంగు, పుట్టుక, జాతీయ మూలం, తెగ మూలం, వీటి పేరుతో చూపే ఏ తేడా అయినా వివక్షే. ఇక్కడ పుట్టుక అని మనం చెప్పుకుంటున్నది ఇంగ్లీషులో 'డిసెంట్' అనే మాట. వంశం, తాతతండ్రుల నుంచి వచ్చిన జన్మ అని దాని అర్థం. ఈ మాటను ఆ ఒడంబడికలో చేర్చమని ప్రతిపాదించింది ఎవరనుకున్నారు? మన భారత ప్రభుత్వమే! 1968 డిసెంబరులో ఆమోద పత్రం ఇచ్చింది కూడా మన ప్రభుత్వమే.

మరి ఇది పనిచేసే తీరు ఎట్లా? ఈ ఒడంబడిక అమలును చూడటానికి జెనీవాలో పద్దెనిమిది మంది నిపుణుల కమిటీ ఉంది. ప్రతి ప్రభుత్వమూ రెండేళ్లకోసారి దానికి నివేదిక ఇవ్వాలి. ప్రభుత్వం తన గొప్ప తాను చెప్పుకుంటుంది, అది మామూలే. అందుకని ప్రజా సంఘాలు కూడా తమ నివేదిక ఇవ్వొచ్చు. కమిటీ రెండూ ముందు పెట్టుకుని ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నలు అడుగుతుంది. చివరకు తన అభిప్రాయాలు, సిఫార్సులు రాసి ప్రపంచం అందరికీ తెలిసేట్టు ప్రకటిస్తుంది.

1996లో మన వంతు వచ్చింది. పుట్టుక అనే మాట జాతికి సంబంధించిందేననీ, కులం దాని కిందికి రాదనీ మన ప్రభుత్వం వాదించింది. కమిటీ ఒప్పుకోలేదు. షెడ్యూల్డు కులాల, తెగల పరిస్థితి ఈ ఒడంబడిక పరిధిలోకే వస్తుందని తేల్చి రాసింది. 2001లో డర్బన్‌లో ప్రపంచ సదస్సు జరిగింది. మన దేశం నుంచి వందలాది దళిత కార్యకర్తలు అక్కడికి వెళ్లి గొంతెత్తారు. ప్రభుత్వం గట్టిగా అడ్డుపడింది. చివరి ప్రకటనలో కులం మాట లేకుండా చేయగలిగింది. కానీ ప్రపంచం చెవిన పడ్డ మాటను వెనక్కి తీసుకోలేకపోయింది. మరుసటి ఏడాదే, 2002లో, కులం లాంటి వ్యవస్థల వల్ల జరిగే వివక్ష ఈ ఒడంబడిక కిందికి వస్తుందని కమిటీ తన 29వ సాధారణ సిఫార్సులో స్పష్టంగా రాసింది.

రెండేళ్లకోసారి ఇవ్వాల్సిన నివేదికను మన ప్రభుత్వం మళ్లీ 2006లో గానీ ఇవ్వలేదు. అయిదు నివేదికలు కలిపి ఒకటిగా ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరు 27న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీలో ఒక సదస్సులో మాట్లాడుతూ, అంటరానితనానికి పోలిక చెప్పాలంటే దక్షిణాఫ్రికా జాతి వివక్ష ఒక్కటేనని అన్నారు. సంతోషించాం. రెండు నెలలు తిరక్కుండానే, 2007 ఫిబ్రవరిలో, ఆయన ప్రభుత్వ ప్రతినిధులే జెనీవాలో నిలబడి కులం వేరు, జాతి వేరు, మీకు సంబంధం లేదు అన్నారు. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట! కమిటీ మళ్లీ ఒప్పుకోలేదు. దళితుల వెలి బతుకులు, దళిత స్త్రీల మీద అత్యాచారాలు, పాకీ పని, మతం మారిన దళితులకు పోయిన హక్కులు, అన్నిటినీ పేరుపేరునా రాసి జవాబు అడిగింది.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అని సామెత చెప్పి మనల్ని ద్రోహుల్ని చేసేవాళ్లు ఉన్నారు. దేశం పరువు బయట తీస్తున్నామట. మనం ఒకటే అడుగుదాం. ఇంటి గుట్టు అనేది ఇంట్లో ఉండేవాళ్ల సంగతి. మనల్ని ఏ ఇంట్లోకి రానిచ్చారు? ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు. గుడికి బయట, బావికి బయట, హోటల్లో బెంచీకి బయట నిలబెట్టారు. ఇప్పుడు బయట మాట్లాడొద్దంటే ఎట్లా? దేశం పరువు పోయేది గ్లాసు వేరుగా పెట్టినప్పుడు. ఆ సంగతి చెప్పినప్పుడు కాదు.

ఈ పాట మనకు కొత్త కాదు. ఊళ్లో పెద్దమనుషులు పాడేదీ ఇదే. దెబ్బలు తిన్న మనిషి స్టేషనుకు బయల్దేరితే "ఎందుకురా, ఊరి పరువు పోతుంది, ఊళ్లోనే తేల్చుకుందాం" అంటారు. ఊళ్లో తేల్చేది ఎవరు? కొట్టినవాడి బాబాయే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. బతికినవాళ్లు ఊళ్లోనే తేల్చుకుందామని కూర్చోలేదు. చీరాల వెళ్లి శిబిరం వేశారు. అప్పుడే రాష్ట్రం వాళ్ల వైపు చూసింది, దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. వాళ్లూ తెనాలి వెళ్లారు. బయటికి వెళ్లి పోరాడి, ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోకే రప్పించుకున్నారు. బయటికి పోయింది ఊరిని వదిలేయడానికి కాదు, న్యాయాన్ని ఊళ్లోకి తేవడానికి. వాడ నుంచి చీరాలకు పోవడం ఎట్లాంటిదో, దేశం నుంచి జెనీవాకు పోవడమూ అట్లాంటిదే.

ఇక ఆ పెద్దమ్మ అడిగిన రెండో ప్రశ్న. విని ఏం చేస్తారు? అబద్ధం చెప్పి ఆశ పెట్టకూడదు. ఐక్యరాజ్య సమితికి మన ఊరికి వచ్చే పోలీసు లేడు. నేరస్తుణ్ణి జైల్లో పెట్టలేదు. పెద్ద రాజ్యాలు తమ తప్పులకు ఒక న్యాయం, చిన్న దేశాలకు ఒక న్యాయం చెప్పడం మనకు తెలుసు. పైగా మన ప్రభుత్వం ఒక తలుపు ఇంకా మూసే ఉంచింది. లోపలి కోర్టులన్నీ అయిపోయాక బాధితుడే నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకునే వీలు జాతి వివక్ష ఒడంబడిక 14వ అధికరణంలో ఉంది. ఆయా ప్రభుత్వం ఒప్పుకుంటేనే ఆ వీలు. మన ప్రభుత్వం ఈనాటికీ ఒప్పుకోలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997లో సంతకం పెట్టి, ఈనాటికీ ఆమోదించలేదు. లాకప్పుల్లో ఎవరి ఒళ్లు హూనమవుతుందో మనకు తెలుసు కదా. చుండూరు కేసులో 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. చంపిన నాటి నుంచి ఇరవై మూడేళ్లు. ఇట్లాంటి రోజున కొట్టే ఇంకో తలుపు ఉండాలా వద్దా?

అయితే ఏమీ జరగలేదా? జరిగింది. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే కుమ్మరి కులపు స్త్రీ బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి వదిలేసింది. కానీ ఆమెకు జరిగిన అన్యాయం నుంచే విశాఖ కేసు పుట్టింది. పనిచోట స్త్రీల రక్షణకు అప్పటికి మన దేశంలో చట్టం లేదు. 1997లో సుప్రీంకోర్టు స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికను ఆధారం చేసుకుని, చట్టం వచ్చేదాకా ఇవే నియమాలు అని ఆదేశించింది. 2013లో చట్టం వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మన రాజ్యాంగంతో పాటు ఈ అంతర్జాతీయ ఒడంబడికలనూ ప్రస్తావించింది. మురుగు గుంటల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. అదే ఏడాది అమెరికాలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. మనవాళ్లు ఎక్కడికి వలస పోతే కులమూ అక్కడికి పోతుందని ఆ దేశానికి కూడా తెలిసింది.

కాబట్టి ఒడంబడిక అనేది కర్ర లాంటిది. మూల పెడితే చెదలు పడుతుంది, చేత పడితే పనికొస్తుంది. చేత పట్టేది మనమే. జెనీవాలో చదివే నివేదిక జెనీవాలో పుట్టదు. మన పల్లెలో రాసుకున్న కాగితం నుంచి పుడుతుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, ఎవరు చూశారు, స్టేషనుకు ఎప్పుడు వెళ్లాం, కేసు ఎప్పుడు కట్టారు, ఏ సెక్షన్లు పెట్టారు, ఇవి లేని బాధ ఎంత పెద్దదైనా గాలికి పోతుంది.

కార్యకర్తలకు నాలుగు పనులు చెబుతున్నాం. ప్రతి పల్లెలో ఒక నోటు పుస్తకం పెట్టండి. చదువుకున్న పిల్లలతో, ముఖ్యంగా ఆడపిల్లలతో, జరిగింది జరిగినట్టు రాయించండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే, అడిగి తీసుకోండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి. జిల్లా నిఘా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. కూర్చుందా లేదా కలెక్టరును అడగండి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. కానీ ఘటన జరిగిన ఏడాది లోపే రాయాలి. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు.

మన నాయకులకూ ఒక మాట. జెనీవా, డర్బన్ వెళ్లొచ్చిన వాళ్లు మొదట ఏ వాడ బాధ పట్టుకుని వెళ్లారో ఆ వాడకు తిరిగొచ్చి చెప్పాలి. మేం ఏం అడిగాం, వాళ్లు ఏమన్నారు, ప్రభుత్వం ఏం ఒప్పుకుంది అని వేపచెట్టు కింద లెక్క అప్పజెప్పాలి. అది లేకపోతే విమానం టిక్కెట్టు మిగులుతుంది, ఉద్యమం మిగలదు.

పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కింద మన ప్రభుత్వం 1997 తర్వాత మళ్లీ 2024 జూలైలో గానీ కమిటీ ముందు నిలబడలేదు. ఇరవై ఏడేళ్లు! జవాబు చెప్పాల్సినవాడు ఇంతకాలం తప్పించుకు తిరుగుతున్నాడంటే ఆ ప్రశ్నకు బలం ఉందన్న మాట.

పెద్దమ్మా, నువ్వడిగిన దానికి మా జవాబు ఇదీ. వాళ్లు వచ్చి మనల్ని కాపాడరు. కానీ మన మాట వాళ్ల చెవిన పడితే ఇక్కడ ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఢిల్లీ దాకా ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ జవాబు రాబట్టేదాకా రాస్తూ ఉందాం, అడుగుతూ ఉందాం. మీ ఊళ్లో నోటు పుస్తకం ఈ వారమే మొదలుపెట్టండి.

జై భీమ్!