పరీక్ష ముందు, ఔషధము పిమ్మట

శత్రువెవ్వడో యెఱుగక శరము విడుచు విలుకానిని లోకము మెచ్చదు. జ్వరపీడితుల విషయమున మనము చేయుచున్నది ఇదియే. ఒడలు కాగినంతనే మందుల దుకాణమునకు పోవుట, దుకాణదారు చేతికిచ్చిన యాంటీబయాటిక్ మాత్రలను రెండు దినములు మ్రింగుట, ఒడలు చల్లబడగానే తక్కినవానిని మూల బెట్టుట పల్లెలందును పట్టణములందును ఆచారమైపోయినది. ఆ జ్వరమునకు మూలము బాక్టీరియాయో, వైరస్సో, మలేరియా పరాన్నజీవియో విచారించువారెందరు? వైరస్సుపై ఈ మాత్రలు లేశమైనను పనిచేయవు.

నిదానము లేని చికిత్స వ్యర్థమని మన పూర్వులెఱుగుదురు. మాధవకరుడు నిదానమునకే ప్రత్యేకముగ నొక గ్రంథము రచించెను. ఆ నిదానమునకు సూక్ష్మదర్శిని కన్నులిచ్చినది. 1882లో రాబర్ట్ కాక్ క్షయక్రిమిని లోకమునకు చూపెను. 1884లో కలకత్తాలో కలరా క్రిమిని వేరుపఱచెను. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదుననే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1959లో శంభునాథ్ దే, కలరా క్రిమి స్రవించు విషమే ప్రేవులనుండి నీటిని వెడలించుచున్నదని కలకత్తాలో నిరూపించెను. శత్రువు గుర్తింపబడిన పిమ్మటనే యుద్ధము సుకరమైనది.

యాంటీబయాటిక్కులు అమూల్యములైన యాయుధములు. అందొకటియగు ఆరియోమైసిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలను నడపిన లెడర్లీ సంస్థనుండి 1948లో వెలువడినది. అట్టి యాయుధములను మనమే మొక్కవోజేయుచున్నాము. అరకొరగ మందు వాడినచో క్రిములు దానికి లొంగకుండ నేర్చునని ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించెను. మందులకు లొంగని బాక్టీరియాల మూలమున 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞుల యంచనా.

టైఫాయిడ్ సంగతి చూడుడు. 1896 నాటి విడాల్ పరీక్ష క్రిమిని చూపదు. క్రిమికి ప్రతిగా రక్తమున బుట్టిన పదార్థములను మాత్రమే సూచించును. పూర్వమెన్నడో వచ్చిన జ్వరమును, వేఱొక రోగమును గూడ అట్టి గుర్తునే చూపవచ్చును. ఆ యొక్క కాగితమును నమ్మి ఎందరికో టైఫాయిడ్ అంటగట్టుచున్నారు. రక్తమునుండి క్రిమిని పెంచి చూచు కల్చర్ పరీక్షయే నమ్మదగినది. అది ఏ మందునకు ఆ క్రిమి లొంగునో గూడ చెప్పును. కాని మందు పడకమునుపే రక్తము తీయవలెను.

బీదవాడు ఫలితము వచ్చుదాక ఆగగలడా యని కొందఱందురు. ప్రాణాపాయమున నున్నవానికి రక్తము తీసిన వెంటనే మందు ఈయవలసినదే; ఫలితము వచ్చిన పిదప దానిని సవరింపవచ్చును. కొఱత బీదవాని ఓర్పులో లేదు, ప్రయోగశాలలలో నున్నది. మన దేశమున రూపొందిన ట్రూనాట్ యంత్రము క్షయక్రిమిని కొలది గంటలలో గుర్తింపగలదని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థయే అంగీకరించినది. స్వదేశమున ఇంతటి సామర్థ్యముండగా ప్రతి జిల్లా ఆసుపత్రియందు కల్చర్ ప్రయోగశాలయు, దానిని నడప నేర్చిన వైద్యుడును ఉండవలదా?

ప్రభుత్వము తన విధిని నెరవేర్చుగాక. గ్రామములందు పలుకుబడిగల పెద్దలును, పట్టణములందలి విద్యావంతులును ముందు తమ యింటనే ఈ నియమమును పాటింతురుగాక. చీటీలేని మాత్ర కొనరాదు. వైద్యుడు చెప్పిన గడువుకు ముందు మందు మానరాదు. ఈ జ్వరమునకు మూలమేమని వైద్యుని అడుగుటకు సంకోచింపరాదు. నేడు మనము వృథాచేయు మాత్ర రేపు మన బిడ్డకు పనిచేయకపోవచ్చును.