తిరుపతి దాకా కరెంటు కారు: జేబుకు లాభమెంత, ప్రాణానికి భద్రతెంత?

బాగేపల్లి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై పచ్చ నంబరు ప్లేట్ల కార్లు ఇప్పుడు వింతేమీ కాదు. చింతామణి, చిక్కబళ్లాపురాల్లో కొత్త కారు కొనాలనుకునే ఇంట్లో "పెట్రోలా, కరెంటా" అన్న చర్చ తప్పడం లేదు. ఊళ్లో తిరగడానికి కరెంటు కారు చవకన్న సంగతి అందరికీ తెలిసిపోయింది. తేలాల్సిన ప్రశ్న వేరే ఉంది. మన కుటుంబాలు కారు కొనేదే తిరుపతి, కదిరి, శ్రీశైలం వెళ్లి రావడానికి, బంధువుల పెళ్లిళ్లకు అనంతపురమో మదనపల్లెో పోవడానికి. ఆ దూరాలకు ఇది పనికొస్తుందా? ఖర్చు నిజంగా తగ్గుతుందా? పిల్లల్ని, ముసలివాళ్లను ఎక్కించుకుని నిశ్చింతగా వెళ్లగలమా?

ఐరోపాలో కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని సెలవులకు వెళ్తారు. దాన్ని కారవాన్ అంటారు. కరెంటు కారుకు అలాంటి బరువు తగిలిస్తే ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుందని అక్కడి అనుభవం. మన దగ్గర కారవాన్ అంటే సినిమా తారల బండే గుర్తొస్తుంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి విధానం తెచ్చినా, మామూలు కుటుంబాలకు అది అందేది కాదు. మన కారవాన్ మన కారే: ఐదుగురి సీట్లలో ఏడుగురు, పైన క్యారియర్ మీద మూటలు, డిక్కీలో పులిహోర గిన్నె, నీళ్ల క్యాన్. బరువు సమస్య మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

కంపెనీ అంకె, రోడ్డు అంకె

మన దేశంలో కరెంటు కారు అమ్మేటప్పుడు చెప్పే దూరం ప్రయోగశాల పరీక్షలో వచ్చింది. 2024లో వచ్చిన 45 యూనిట్ల బ్యాటరీ నెక్సాన్ ఈవీకి ఆ అంకె 489 కిలోమీటర్లు. కానీ అదే కంపెనీ రోడ్డు మీద 350 నుంచి 375 వరకు ఆశించవచ్చని వేరుగా చెప్పింది. కారు నిండా మనుషులు, ఏసీ, గంటకు 90 కిలోమీటర్ల వేగం, పైన క్యారియర్ ఉంటే ఇంకా తగ్గుతుంది. ప్రకటనలోని అంకెలో మూడింట రెండు వంతులే మనదని లెక్కేసుకుని బయలుదేరడం మంచిది. క్యారియర్ మీద సామాను బరువుతో పాటు గాలిని కూడా అడ్డుకుంటుంది. డిక్కీలో పట్టేంతే తీసుకెళ్తే దూరం పెరుగుతుంది.

దీన్ని మన ప్రయాణాలకు అన్వయిద్దాం. బాగేపల్లి నుంచి లేపాక్షి, పుట్టపర్తి, కదిరి, కైవారం అన్నీ వంద కిలోమీటర్ల చుట్టుపక్కలే. ఇంట్లో చార్జ్ చేసుకుని వెళ్లి, దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికి రావచ్చు. చింతామణి నుంచి తిరుపతి రెండు వందల కిలోమీటర్లలోపే. వెళ్లడానికి బెంగ లేదు, తిరుగు ప్రయాణానికి ఒకసారి చార్జింగ్ కావాలి. శ్రీశైలం సంగతి వేరు. ఒకవైపే నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది, చివర నల్లమల అడవి, రాత్రిపూట మూసేసే గేట్లు. ముందుగా చార్జర్లు చూసిపెట్టుకోకుండా అటు వెళ్లకూడదు.

తిరుపతి ప్రయాణం లెక్క

చింతామణి నుంచి తిరుమల కొండపైకి వెళ్లి రావడానికి 420 కిలోమీటర్లు అనుకుందాం. నిండా మనుషులున్న పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 28 లీటర్లు కావాలి. కర్ణాటకలో లీటరు 103 రూపాయల లెక్కన దాదాపు 2,880 రూపాయలు. ఆంధ్రలో పెట్రోలు ఇంకా ప్రియం. అందుకే అటువైపు బండ్లు సరిహద్దు దాటి మన బంకుల్లో ట్యాంకు నింపుకుని పోతాయి.

కరెంటు కారు యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇస్తే ఇదే దూరానికి 60 యూనిట్లు కావాలి. అందులో 35 యూనిట్లు ఇంటి నుంచే తీసుకెళ్తాం. చార్జింగ్‌లో పోయే నష్టం కలిపి మీటరులో 40 యూనిట్లు తిరుగుతుంది. యూనిట్ 7 రూపాయల లెక్కన 280. మిగతా 25 యూనిట్లు దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర కొనాలి. అక్కడ 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది కాబట్టి యూనిట్ 22 రూపాయలు వేసుకుంటే 550. మొత్తం 830 రూపాయలు. ఒక్క ప్రయాణంలో మిగిలేది రెండు వేల పైచిలుకు, అంటే కిలోమీటరుకు ఐదు రూపాయల కంటే కొంచెం తక్కువ.

ఇక్కడితో ఆగితే లెక్క బాగానే ఉంటుంది. కానీ అదే తరహా పెట్రోలు కారు కంటే కరెంటు కారు మూడు లక్షలు ఎక్కువైతే, ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి అరవై వేల కిలోమీటర్లకు పైగా తిరగాలి. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి అది ఏడెనిమిదేళ్ల మాట. నెలకు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీ డ్రైవరుకు మాత్రం, ఎక్కువసార్లు బయట చార్జ్ చేసుకున్నా, ఏడాదిన్నర రెండేళ్లలో తిరిగొస్తుంది. పండక్కీ పబ్బానికీ మాత్రమే కారు తీసే ఇంటికి కరెంటు కారు పొదుపు కాదు. రోజూ బెంగళూరు వెళ్లొచ్చేవారికీ, టూరిస్టు బండి నడిపేవారికీ పొదుపే.

పన్నుల్లోనూ మార్పులొచ్చాయి. కరెంటు కార్లపై జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. అయితే 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై పన్నును 18 శాతానికి తగ్గించడంతో రెండింటి ధరల మధ్య తేడా మళ్లీ పెరిగింది. కర్ణాటక కరెంటు కార్లకు రోడ్డు పన్ను మినహాయింపు ఇచ్చి, 2024లో 25 లక్షలు దాటిన కార్లపై 10 శాతం పన్ను వేసింది. ఈ నిబంధనలు బడ్జెట్టు బడ్జెట్టుకూ మారేవి. షోరూం మాట నమ్మి ఊరుకోకుండా, కొనే వారంలో ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

గృహజ్యోతి మెలిక

మన ప్రాంతంలో చాలామంది లెక్కలోకి తీసుకోనిది గృహజ్యోతి. 2023 నుంచి అమలవుతున్న ఈ పథకంలో ఇంటి పాత సగటు వాడకానికి పది శాతం కలిపి, 200 యూనిట్ల పరిమితి లోపల కరెంటు ఉచితం. వాడకం 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. నెలకు 90 యూనిట్లు వాడే ఇంట్లో కారు చేరి మరో 120 యూనిట్లు తాగితే, ఆ నెల సున్నా బిల్లు పోతుంది. కారుకు పెట్టిన ఖర్చులో ఇంటి కరెంటు ఖర్చూ కలిసిపోతుంది. దీనికి దారి ఉంది. కరెంటు వాహనాల చార్జింగ్‌కు వేరే టారిఫ్ ఉంది. దానికి వేరే మీటరు కోసం బెస్కాం ఆఫీసులో దరఖాస్తు చేసుకుంటే ఇంటి లెక్క ఇంటిది, కారు లెక్క కారుది అవుతుంది.

ట్యాక్సీ నడిపేవారికి మరో మేలు ఉంది. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు కేంద్రం 2018లోనే పర్మిట్ అవసరం లేకుండా చేసింది. 2023 నాటి అఖిల భారత టూరిస్టు పర్మిట్ నిబంధనల్లోనూ వాటికి రుసుము లేదు. వారానికి రెండుసార్లు కొడికొండ దాటి ఆంధ్రలోకి వెళ్లే మన డ్రైవరన్నలకు ఇది చిన్న విషయం కాదు. ఫిట్‌నెస్, బీమా మాత్రం తప్పవు. బ్యాటరీ వారంటీ చాలా కార్లకు 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు. అద్దె బండికి కూడా అదే వర్తిస్తుందో లేదో కాగితంపై చూసుకున్నాకే సంతకం పెట్టాలి.

నిప్పు భయం ఎంత నిజం?

కరెంటు బండి అనగానే పెద్దవాళ్లు అడిగేది "అంటుకుంటుందంట కదా?" అని. ఆ భయానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది జూన్‌లో ముంబయి దగ్గర వసాయిలో ఒక కరెంటు కారు కాలిపోయింది. ఆ తరవాత కేంద్రం బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. 2022 డిసెంబరులో మొదటి దశ, 2023 మార్చి చివర్లో రెండో దశ అమల్లోకి వచ్చాయి. బ్యాటరీలో ఒక సెల్ వేడెక్కి మంట పాకే పరిస్థితి వస్తే, లోపలివాళ్లు దిగడానికి కనీసం ఐదు నిమిషాల ముందు హెచ్చరిక రావాలన్నది అందులో ఒక నియమం. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు అది ఈ తేదీల తరవాత తయారైందో కాదో చూసుకోవాలి.

ఇప్పుడు మన రోడ్డు సంగతి చూద్దాం. 2023 అక్టోబరు 26 తెల్లవారుజామున చిక్కబళ్లాపురం శివార్లలో, మంచులో ఆగి ఉన్న ట్యాంకరును టాటా సుమో ఢీకొని 13 మంది చనిపోయారు. బాగేపల్లి వైపు నుంచి బెంగళూరుకు పొట్ట చేతపట్టుకుని పోతున్నవారు వాళ్లు. 2025 అక్టోబరు 24న ఇదే 44వ నంబరు రహదారిపై కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు–బెంగళూరు ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. ఈ రెండూ బ్యాటరీతో నడిచే బండ్లు కావు. మనల్ని చంపుతున్నది ముఖ్యంగా మంచు, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు, సీట్లకు మించిన జనం, నిద్రలేని డ్రైవరు. కారు కరెంటుదైనా పెట్రోలుదైనా ఈ నాలుగూ మారవు.

ఒక విషయంలో కరెంటు కారు మేలే చేస్తుంది. రెండున్నర మూడు గంటలకోసారి చార్జింగ్ కోసం ఆగక తప్పదు కాబట్టి డ్రైవరుకు విశ్రాంతి దొరుకుతుంది. అయితే ఆ ఆగే చోటు అర్ధరాత్రి మనుషులు లేని మూల కాకూడదు. ఆడవాళ్లు, పిల్లలు వెంట ఉంటే వెలుతురు, టాయిలెట్, టీ అంగడి ఉన్న చార్జర్‌నే ఎంచుకోవాలి.

ఘాట్ రోడ్డు గురించి కూడా అపోహలు వద్దు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 2022 నుంచి తిరుపతి–తిరుమల మధ్య కరెంటు బస్సులు కూడా నడుపుతోంది. మనుషులతో కలిపి రెండు టన్నుల కారు ఆ కొండ ఎక్కడానికి మామూలు కంటే నాలుగైదు యూనిట్లు ఎక్కువ ఖర్చవుతుంది. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి అందులో కొంత బ్యాటరీకి తిరిగిస్తుంది, బ్రేకులు వేడెక్కవు. కాకపోతే బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే ఈ సదుపాయం పనిచేయదు. కొండ మీద పూర్తిగా చార్జ్ చేసుకుని దిగడం తెలివైన పని కాదు.

అసలు ప్రమాదం ఇంటి గోడ దగ్గర

మా దృష్టిలో రోడ్డు కంటే ముందు చూసుకోవాల్సింది ఇంటి వైరింగు. మామూలు పెద్ద ప్లగ్గు నుంచి కారు మూడు యూనిట్లకు పైగా లాగుతుంది, అదీ పది పన్నెండు గంటలు ఏకబిగిన. ఇరవై ఏళ్ల నాటి వైరు, పేరుకే ఉన్న ఎర్తింగు, మధ్యలో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంటే మంట అక్కడే పుడుతుంది. మీటరు నుంచి నేరుగా విడి వైరు, సరైన ఎర్తింగ్ గుంత, షాక్ కొట్టకుండా ఆపే బ్రేకరు, ఇవి లేకుండా కారు ఇంటికి తేకూడదు. బంధువుల ఊరికెళ్లినప్పుడు వాళ్లింటి ప్లగ్గుకు పెట్టే ముందూ ఇదే చూడాలి. ప్రమాదం జరిగితే నారింజ రంగు వైర్లను ముట్టుకోకూడదు. దూరంగా జరిగి 112కు, జాతీయ రహదారిపైనైతే 1033కు ఫోన్ చేయాలి.

మనకు రావాల్సింది

దేశంలో అందరికంటే ఎక్కువ పబ్లిక్ చార్జింగ్ కేంద్రాలున్నది కర్ణాటకలోనే. 5 వేలు ఎప్పుడో దాటాయి. కానీ అందులో ఎక్కువ భాగం బెంగళూరు నగర జిల్లాలోనే ఉన్నాయి. హైవేపై నిర్ణీత దూరానికి ఒకటి ఉండాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాగితం మీది ఆ దూరాన్ని చిక్కబళ్లాపురం నుంచి చింతామణి మీదుగా ముళబాగిలు పోయే దారిలోనూ, చింతామణి నుంచి మదనపల్లె దారిలోనూ కొలిచి చూడాల్సింది మన ఎమ్మెల్యేలు, జిల్లా అధికారులు. కైవారం, గడిదం లాంటి క్షేత్రాల దగ్గర ఒక్కో చార్జర్ పెట్టినా యాత్రికులకే కాదు, అక్కడి చిన్న వ్యాపారులకూ లాభమే. అరగంట ఆగిన కారులోని జనం టీ తాగకుండా పోరు.

ఇంకొకటి భాష. చార్జర్ మీద రాసిన హెచ్చరికలు, యాప్‌లోని సూచనలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి. జిల్లాలోగానీ తాలూకాలోగానీ 15 శాతానికి మించి మాట్లాడే భాషలో ముఖ్యమైన నిబంధనలు, నోటీసులు ఇవ్వాలన్నది భాషా మైనారిటీలకు దేశం ఒప్పుకున్న రక్షణ. బాగేపల్లి, చింతామణుల్లో తెలుగువారు ఆ 15 శాతం గీతకు ఎంత పైన ఉన్నారో వేరే చెప్పనక్కర్లేదు. అగ్నిప్రమాదం, కరెంటు షాకు గురించిన హెచ్చరిక చదవలేకపోతే అది ఉన్నా లేనట్టే. కన్నడంతో పాటు తెలుగులోనూ ఆ నాలుగు వాక్యాలు రాయించమని బెస్కాంను, చార్జింగ్ కంపెనీలను అడగడం కన్నడానికి పోటీ కాదు, ప్రాణానికి సంబంధించిన మాట.

కొనాలనుకునేవారికి మా సలహా ఒక్కటే. ఏడాదికి మీరు తిరిగే కిలోమీటర్లు ముందు రాసుకోండి, ఇంటి వైరింగు చూపించుకోండి, తిరుపతి దారిలో పనిచేస్తున్న రెండు చార్జర్ల పేర్లు తెలుసుకోండి. ఈ మూడూ సరిపోతే పచ్చ ప్లేటు కారు మనకు పనికొచ్చే బండే. సరిపోకపోతే ఇంకో రెండేళ్లు ఆగినా పోయేదేమీ లేదు. ఏ కారు తీసినా, ఐదు సీట్ల బండిలో ఐదుగురే ఎక్కండి.